కండక్టరమ్మ తెచ్చిన జ్వరం

ఆ రూట్లో ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. డ్రైవర్లకూ, డిపోలో వాళ్ళకూ, రోజూ ఎక్కే జనానికీ ఆవిడ కండక్టరమ్మే. సన్నగా, పొడుగ్గా ఉండేది. యూనిఫాం కోటు హ్యాంగరుకు తగిలించినట్టు భుజాల మీద వేలాడేది. ముఖంలో నవ్వు అరుదు, నోటికి మాత్రం సెలవు లేదు. తలుపు దగ్గర గుంపుగా నిలబడి కదలని వాళ్ళను, "లోపలికి జరగండయ్యా, అక్కడ మీ అత్తగారేమీ కూర్చుని లేదు" అని తోసేది. నిద్ర నటించేవాడి చెవి దగ్గర టిక్కెట్ల మిషను టకటకలాడించేది. జనం తిట్టుకుంటూనే ఆ బస్సు కోసం ఆగేవారు. ఆవిడ ఉన్న బస్సులో జేబులు కొట్టేవాడు ఎక్కడు. ఆడపిల్లల మీద ఒరిగేవాడు తర్వాతి స్టాపు దాకా మిగలడు.

ఇంట్లో ఆ నోరు కాస్త తగ్గించేది. కాస్తే.

ఇల్లు రెండంతస్తుల ఇరుకు కొంప. కింద అత్తగారు, చిన్నకొడుకు, చిన్నకోడలు, వాళ్ళ నాలుగేళ్ళ పాప. పైన కండక్టరమ్మ, ఆవిడ భర్త. మేడ మీదికి మెట్లు కిందివాళ్ళ ముందు గదిలోంచే ఉండేవి కాబట్టి, కండక్టరమ్మ డ్యూటీకి వెళ్ళినా వచ్చినా అత్తగారి కుర్చీ పక్కనుంచే పోవాలి. పోతున్నప్పుడల్లా ఏదో ఒక మాట తగిలేది. పెద్దకొడుకు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. మాటలను కూడా అలాగే అరగదీసి, అరగదీసి, చివరికి ఏమీ మిగలకుండా బయటికి వదిలేవాడు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆ సంగతి ఆ ఇంట్లో అవసరమైనప్పుడల్లా పనికొచ్చేది.

ఆ ఇంట్లో ఆవిడతో సరదాగా మాట్లాడినవాడు ఒక్క మరిది. అందరూ బండోడనేవారు. ఇళ్ళు మార్చే కంపెనీలో పని. ముగ్గురు మోసే బీరువాను ఒక్కడే వీపు మీద వేసుకుని నాలుగంతస్తులు ఎక్కేవాడు, పైగా ఎక్కుతూ ఈల వేసేవాడు. వదిన డ్యూటీ దిగి కాళ్ళీడ్చుకుంటూ వస్తే, "ఏం వదినా, ఇవాళ కూడా బస్సును నువ్వే తోశావా? ఈసారి ఆగిపోతే నాకు కబురు పెట్టు" అనేవాడు. ఆవిడ, "నిన్నెక్కిస్తే బస్సు అక్కడే కూలబడుతుంది" అనేది. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న ప్రేమంతా అంతే, కానీ ఆ ఇంట్లో అదే ఎక్కువ.

ఆ ఏడు చలికాలంలో ఊళ్ళోకి కొత్త జ్వరం వచ్చింది. ఆస్పత్రుల ముందు వరుసలు మొదలయ్యాయి. బస్సులు మాత్రం ఆపలేదు. కండక్టరమ్మ బస్సులో సగం మంది దగ్గుతూ ఎక్కి, మిగతా సగానికి అంటించి దిగేవారు. ఒకరోజు ఆవిడకూ గొంతు గరగరలాడింది. ముక్కు కారింది. టీ తాగితే వేణ్ణీళ్ళు తాగినట్టుంది తప్ప రుచీ పచీ లేదు. జలుబనుకుని డ్యూటీకి పోయింది. అది తగ్గిపోయింది కూడా.

అది తగ్గేలోగా ఇల్లంతా పడకేసింది. అందరి భయమూ అత్తగారి గురించే. డెబ్బై దాటిన మనిషి, పైగా ఎన్నో ఏళ్ళ ఆయాసం. పీల్చే మందు దిండు కింద లేకపోతే నిద్రపోదు. ఆవిడ వారం రోజులు ముక్కి మూలిగి, ఒక పొద్దున లేచి, "టీ అంత పల్చగా పెడితే ఎవరు తాగుతారు" అంది. అంటే నయమైందన్నమాట. పాపకు ఒక సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది, పొద్దున్నకల్లా మంచం మీద గెంతింది. తోడికోడలూ, కండక్టరమ్మ భర్తా ఒళ్ళు నొప్పులతో బయటపడ్డారు.

బండోడు చివర పడ్డాడు. అమ్మను బాత్రూముకు ఎత్తుకెళ్ళింది, అందరికీ వండిపెట్టింది వాడే. "నాకేమవుతుంది, దున్నపోతులా ఉన్నాను" అన్నాడు. మొదట మామూలు జ్వరమే. తర్వాత ఒకరోజు మంచం మీంచి లేచి గుమ్మం దాకా వెళ్ళి, తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. రెండు బీరువాలు ఒకేసారి మోసినట్టు రొప్పుతున్నాడు. మోసింది తన ఒళ్ళే. వదిన వచ్చి చెయ్యి పట్టుకుంటే, "వదినా, ఇది తోసినా కదిలేలా లేదు" అన్నాడు. ఆస్పత్రికి తీసుకుపోయింది ఆవిడే. ఆస్పత్రిలో ముక్కులో గొట్టం, తర్వాత నోట్లో గొట్టం, ఆ తర్వాత మాట లేదు. ముప్ఫై ఒకటో ఏట, అంత మనిషి, వారం తిరక్కుండా పోయాడు.

వాడు పోకముందే ఆస్పత్రి డాక్టరమ్మ తోడికోడల్ని పిలిచి అడిగింది. ఇంత బలమైనవాడికి ఇలా ఎందుకయిందో తనకు అర్థం కావడం లేదనీ, రక్తం దాచి పరీక్షలు చేయించవచ్చా అనీ. తోడికోడలు సరేనంది. ఆ సమయంలో ఎవరేం అడిగినా సరేననేది.

మనిషిని సాగనంపి వచ్చాక ముందు గది నిండా చుట్టాలు. కండక్టరమ్మ గుమ్మం అవతల నిలబడింది. ఆ గదిలో ఏడవడానికి తనకు చోటుందో లేదో తెలియలేదు. అత్తగారు కుర్చీలోంచి చూసింది.

"అక్కడే నిలబడ్డావేం, లోపలికి రా. నువ్వు తెచ్చిపెట్టిందేగా, వచ్చి చూసుకో."

అప్పుడు ఆడపడుచు లేచింది. భర్తకు అక్క. ఊరికి అవతలి చివర ఉండేది. బండోణ్ణి చిన్నప్పుడు ఎత్తుకు తిరిగింది తనే.

"నీకు ముక్కు కారింది, మా తమ్ముడికి ఊపిరి పోయింది. ఒకే జ్వరం కదా. ఇదెక్కడి లెక్క, చెప్పు" అంది.

"నాకు తెలీదు వదినా."

"తెలీదా? ఊళ్ళో చెత్తంతా ఆ కోటుకు పూసుకుని ఇంటికొస్తావు. తెలీదట."

కండక్టరమ్మ అక్కడితో ఊరుకుని ఉంటే ఏమయ్యేదో. ఊరుకోలేదు. "నా బస్సెక్కినవాళ్ళంతా చచ్చేట్టయితే ఈ ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడేవి" అంది. చావింట్లో అనాల్సిన మాట కాదు. అన్నాక వెనక్కి తీసుకోలేదు. తల దించుకుని నిలబడిన భర్త ఆ రోజు కూడా మాటను ఏమీ మిగలకుండా అరగదీశాడు.

ఆ తర్వాత కింది నుంచి మేడకు వెళ్ళే తలుపుకు గడియ పడింది. పెరట్లో తుప్పు పట్టిన ఇనుప నిచ్చెనమెట్లు ఉండేవి, నీళ్ళ ట్యాంకు కడగడానికి ఎక్కేవారు. ఇక పెద్దకోడలికి అవే దారి. ఆవిడ పెరట్లోంచి నడిచి వెళ్ళాక అత్తగారు ఫినాయిలు నీళ్ళు చల్లించేది, పైనుంచి కనబడేలా. వీధిలో ఆడవాళ్ళు బస్సులో ఆవిణ్ణి చూసి ముక్కులు మూసుకుని సీట్లు మారేవారు. ఒకావిడ మొగుడి జ్వరం కూడా తీసుకొచ్చి ఈవిడ ఖాతాలోనే వేసింది.

ఆవిడా పడి ఉండే రకం కాదు. మూతి ముడిచినవాళ్ళు స్టాపులో దిగుతుంటే ఒక కాలు ఇంకా మెట్టు మీద ఉండగానే బెల్లు కొట్టేది. అత్తగారు ఎండకు కూర్చునే చోటికి సరిగ్గా పైన తడిబట్టలు ఆరేసేది. పొద్దున్నే కింద కునుకు పట్టే వేళకు పైన కుర్చీలు ఈడ్చేది. డ్రైవరు ఒకసారి, "ఎందుకమ్మా, పెద్దావిడ, కొడుకు పోయిన మనిషి" అన్నాడు.

"నా మరిది కూడా పోయాడు. నన్నెవరు అడిగారు?" అంది. డ్రైవరు స్టీరింగు వైపు తిరిగిపోయాడు.

నిజానికి ఆడపడుచు అడిగిన ప్రశ్న ఆవిణ్ణి లోపల ముల్లులా గుచ్చుతూనే ఉండేది. ఒకే ఇల్లు, ఒకే గాలి, ఒకే జ్వరం. గాలివేస్తే పడిపోయే తనకు జలుబు. ఆయాసం మనిషికి దగ్గు. బీరువాలు మోసేవాడికి చావు. బస్సులో ఎవరైనా బలమైన కుర్రాడు దగ్గితే ఆవిడ చెయ్యి టిక్కెట్ల మిషను మీద ఆగిపోయేది.

కొన్ని నెలల తర్వాత ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. కుటుంబమంతా రావాలంది డాక్టరమ్మ. ఆడపడుచు రానంది. మిగతావాళ్ళు వెళ్ళారు. డాక్టరమ్మ గదిలో నాలుగు కుర్చీలుంటే, అత్తగారు పెద్దకోడలి పక్క కుర్చీలో కూర్చోనని నిలబడింది. చివరికి కండక్టరమ్మే లేచి బీరువాకు ఆనుకుంది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. నిద్రలేని కళ్ళు. మాట నిదానం.

"మన ఒంట్లో కణాలకు కాపలా ఉంటుంది. వైరస్ లోపలికి దూరగానే పసిగట్టి కేక వేస్తుంది. ఆ కేక విని చుట్టుపక్కల కణాలు తలుపులు మూసుకుంటాయి. అతని ఒంట్లో ఆ కాపలావాళ్ళలో ఒకడు పుట్టుకతోనే మూగవాడు. కేక ఆలస్యమైంది. ఈలోగా వైరస్ లోపలంతా పాకింది. అప్పుడు ఒంట్లో సైన్యమంతా ఒక్కసారి లేచింది. దొంగ గుమ్మంలో దొరికితే మెడ పట్టుకుని గెంటొచ్చు. ఇల్లంతా దూరాక పట్టాలంటే గోడలు కూడా పగలగొట్టాలి. అతని ఊపిరితిత్తులు అలా పాడయ్యాయి."

"అంత కండ ఉన్నవాడు" అంది తోడికోడలు.

"కండకూ దీనికీ సంబంధం లేదమ్మా. అన్నాళ్ళూ మామూలు జలుబులకు మిగతా కాపలావాళ్ళు సరిపోయి ఉంటారు. ఇది కొత్త శత్రువు."

కండక్టరమ్మ బీరువా దగ్గర్నుంచి అడిగింది. "మరి నాకెందుకు జలుబుతో పోయింది? ఈవిడకు ఆయాసం, ఈవిడా బతికిపోయింది."

"మీ ఇద్దరిలో కేక సమయానికి పడి ఉంటుంది. అదొక్కటే కాదు. వయసు, ఆడా మగా, ఎంత వైరస్ లోపలికి వెళ్ళింది, అంతకుముందు ఏమేం వచ్చి తగ్గాయి, ఇవన్నీ కలుస్తాయి. మీరు రోజూ జనంలో తిరుగుతారు. దీనికి దగ్గరి చుట్టాల్లాంటి జలుబులు మీ ఒంటికి ముందే పరిచయమై ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నాను, తెలుసని కాదు. చాలామంది విషయంలో మాకు కారణం దొరకదు. ఇతని విషయంలో దొరికింది."

"నేనే తెచ్చానా?"

"కావచ్చు. అతను సామాను మోసిన ఇళ్ళల్లోంచి కావచ్చు. ఇప్పుడు ఎవరూ తేల్చలేరు."

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆ కాపలాను తయారు చేసే సూత్రం ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవాళ్ళకు అవి రెండు, ఒకటి పాడైనా రెండోది ఆదుకుంటుంది. మగవాళ్ళకు ఒక్కటే. అది తల్లి నుంచి వస్తుంది.

అత్తగారు పైటలాగా కప్పుకున్న శాలువను మెడ దగ్గర బిగించుకుంది.

"నేనిచ్చానంటావా?"

"ఇవ్వడం, ఇవ్వకపోవడం ఎవరి చేతిలోనూ లేదమ్మా. మీకే తెలియదు కదా. తప్పెవరిదీ కాదు. మీ రక్తం చూస్తే నిర్ధారణ అవుతుంది. దానికంటే ముఖ్యం, మీ పెద్దబ్బాయిని చూడాలి, మీ అమ్మాయిని చూడాలి. ఆవిడకు మగపిల్లలున్నారా?"

"ఒక్కడు. పాతికేళ్ళవాడు" అన్నాడు పెద్దకొడుకు.

"అతన్ని తొందరగా తీసుకురండి. ముందే తెలిస్తే టీకాలు వేస్తాం. జ్వరం వచ్చిన మొదటిరోజే మందు మొదలుపెడతాం. మీ తమ్ముడి విషయంలో ఆ అవకాశం మాకు దొరకలేదు. ఇక పాప సంగతి. తండ్రికున్నది ఒక్కటే కాబట్టి అది కూతురికి వచ్చే ఉంటుంది. పాపకు రెండోది ఉంది, భయం లేదు. పెద్దయ్యాక తన పిల్లల విషయంలో తెలుసుకుని ఉంటే చాలు."

తోడికోడలు ఆ మాట విని అత్తగారి వైపు తిరిగింది.

అత్తగారు లేచింది. "నా రక్తం నేనివ్వను. వాణ్ణి బతికించలేక ఇప్పుడు కథలు చెబుతున్నారు" అని చేతికర్ర టకటకలాడిస్తూ బయటికి నడిచింది.

ఆస్పత్రి ముందు బస్టాపులో నిలబడ్డారు. కండక్టరమ్మకు ఒళ్ళంతా వేడెక్కింది. ఇన్నాళ్ళూ ఇనుప మెట్లెక్కిన కాళ్ళు, ఫినాయిలు వాసన, బస్సులో మూసుకున్న ముక్కులు, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"విన్నారుగా అత్తయ్యా" అంది, స్టాపులో పదిమందికీ వినబడేలా. "నేను తెచ్చింది జలుబు. చావు మీరిచ్చింది."

ఆ మాట అన్న క్షణాన ఆవిడకు హాయి అనిపించింది. ఎండలో నడిచి వచ్చి చల్లటి నీళ్ళు తాగినంత హాయి. అత్తగారి ముఖం పాలిపోవడం చూసింది, చూపు తిప్పుకోలేదు కూడా. భర్త, "ఛ" అన్నాడు. ఆ ఒక్క అక్షరం ఇన్నేళ్ళలో అతను ఆవిణ్ణి తిట్టిన పెద్ద తిట్టు. తోడికోడలు పాప చెయ్యి పట్టుకుని దూరంగా జరిగింది.

ఆ హాయి ఖరీదు ఇల్లు చేరకముందే తెలిసింది. అత్తగారు దారిలోనే కూతురికి ఫోను చేసింది. డాక్టరమ్మ చెప్పింది కాదు, బస్టాపులో మాట చెప్పింది. "నా కొడుకును నేనే చంపానంటోంది. ఇప్పుడు నీ కొడుకు రక్తం మీద పడింది. దాని మాట వినకు."

అంతే, ఆ నిజానికి ఆ రోజే రంగు మారిపోయింది. కండక్టరమ్మ తన భర్తను వెళ్ళి అక్కకు చెప్పమంటే, "అమ్మ బాధపడుతుంది" అన్నాడు. తన పరీక్ష మాట ఎత్తితే, "నాకేం కాలేదుగా" అన్నాడు. ఆవిడ పళ్ళు నూరుతూ రక్తపరీక్షకు అతన్ని లాక్కెళ్ళింది. తన బస్సులోనే ఎక్కించుకుని ఆస్పత్రి స్టాపులో దింపింది. "దిగకపోతే టిక్కెట్టు లేదని నేనే దింపుతాను" అంది. అతనికి ఆ లోపం లేదని తేలింది.

ఇక మిగిలింది ఆడపడుచు కొడుకు. ఆవిడ సెలవు పెట్టి ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. తలుపు సగమే తెరుచుకుంది.

"వదినా, నన్ను లోపలికి రానీయక్కర్లేదు. ఇక్కడే నిలబడి చెప్తా."

"నువ్వు చెప్పేది అమ్మ చెప్పింది. మా తమ్ముణ్ణి మింగావు, మా అమ్మను మాటలతో చంపుతున్నావు. ఇక నా కొడుకొక్కడే మిగిలాడు నీకు."

"నా మీద కోపం నా మీద పెట్టుకో. పిల్లాణ్ణి డాక్టరుకు చూపించు."

"వాడికి ఏ రోగమూ లేదు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కావంటే చెప్పులు మాట్లాడతాయి."

తలుపు ముఖం మీద పడింది. కండక్టరమ్మ మూసిన తలుపుతో, "నీ మొండితనం తగలెయ్య" అని, మెట్లు దిగిపోయింది. బస్టాపులో ఆ మాట అనకుండా ఉంటే ఈ తలుపు ఇంకో బెత్తెడు తెరుచుకునేదేమో అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన మీద కూడా ఆవిడకు కోపమే వచ్చింది.

మేనల్లుడు కొత్తగా అగ్నిమాపక శాఖలో చేరాడు. శిక్షణ కేంద్రం ఆవిడ రూట్లో కాదు, పక్క రూట్లో. ఆవిడ డిపోలో అడిగి, బతిమాలి, ఇంకో కండక్టరుతో ఆ వారం డ్యూటీ మార్చుకుంది. మూడో రోజు వాడు ఎక్కాడు. బండోడి భుజాలే, బండోడి నడకే. ఆవిణ్ణి చూడగానే ముఖం మాడ్చుకుని వెనక తలుపు వైపు జరిగాడు. ఆవిడ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి పక్కన నిలబడింది.

"టిక్కెట్టు తర్వాత. ముందు విను."

"అత్తా, బస్సులో గొడవ వద్దు."

"గొడవ పెట్టుకోవడానికే డ్యూటీ మార్చుకున్నాను. మీ చిన్న మావయ్య మెట్లెక్కుతూ ఈల వేసేవాడు గుర్తుందా? పోయే ముందు గుమ్మం దాకా నడవలేకపోయాడు. వాడిలో ఉన్న లోపం మీ అమ్మమ్మ నుంచి వచ్చింది. మీ అమ్మకు వచ్చిందో లేదో తెలీదు. వస్తే నీకు సగం పాళ్ళు రావచ్చు, సగం రాకపోవచ్చు. బొమ్మా బొరుసూ. ఒక సూది గుచ్చించుకుంటే తెలిసిపోతుంది."

"నీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి చెప్తున్నావని అమ్మంది."

బస్సంతా చెవులు రిక్కించింది. ఆవిడ గొంతు తగ్గించలేదు. "సరే, జ్వరం నేనే తెచ్చాను. ఇక్కడ ఇంతమంది సాక్ష్యం. ఇప్పుడైనా పోతావా?"

వాడు తర్వాతి స్టాపులో దిగిపోయాడు. టిక్కెట్టు కూడా తీసుకోలేదు. ఆవిడ వాణ్ణి వెనకనుంచి కేకేసింది గానీ, అది టిక్కెట్టు కోసం కాదు.

వాడు ఇంట్లో చెప్పకుండా వెళ్ళి రక్తమిచ్చాడని ఆవిడకు చాలా రోజుల దాకా తెలియదు. బొరుసు పడింది. మూగ కాపలావాడు వాడిలోనూ ఉన్నాడు. డాక్టరమ్మ టీకాలు వేసి, ఫోను నంబరిచ్చి, జ్వరమంటే అర నిమిషం కూడా ఆగకుండా రమ్మంది. మరుసటి చలికాలం ఆ జ్వరం మళ్ళీ ఊరు మీద పడ్డప్పుడు వాడికి వచ్చింది. పొద్దున ఒళ్ళు వెచ్చబడితే మధ్యాహ్నానికి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆక్సిజన్ పెట్టారు, మందులెక్కించారు. రెండు రోజులు అటూ ఇటూగా ఉన్నాడు. తర్వాత తేరుకున్నాడు. అదే బలం, అదే లోపం, అదే జ్వరం. తేడా ముందే తెలియడం ఒక్కటి.

ఆడపడుచు నుంచి ఒక్క మాట రాలేదు. వస్తుందని కండక్టరమ్మ ఎదురుచూడలేదు, అని అందరితో చెప్పేది.

తగువు వేరే వైపు నుంచి లేచింది. మేనల్లుడి రక్తం సంగతి తెలిశాక, తోడికోడలు లోపల దాచుకున్నదంతా ఒక మధ్యాహ్నం బద్దలైంది. పెరట్లో అత్తగారి మీద ఒంటికాలి మీద లేచింది. "మీ రక్తం నా మొగుణ్ణి తినేసింది. నా పిల్లలోకి కూడా వచ్చింది. రేపు దీనికి కొడుకు పుడితే వాణ్ణీ తింటుంది. ఏం ఇల్లో, ఏం పీడో. ఇన్నాళ్ళూ అక్కను ఆడిపోసుకున్నారు, చంపింది మీరు."

అత్తగారు తడిబట్టల కింద కుర్చీలో కూర్చుని ఉంది. కండక్టరమ్మ పైనుంచి అంతా విన్నది. నిజానికి ఆవిడ వినాలనుకున్న మాటే అది. ఇనుప మెట్లు దిగి వచ్చింది.

"ఆ మాట నేనొకసారి అన్నాను. చాలు. ఇంకోసారి ఎవరూ అనక్కర్లేదు" అంది.

"నువ్వా అక్కా, ఆవిణ్ణి వెనకేసుకొస్తున్నావు?"

"ఆవిణ్ణి వెనకేసుకురావడానికి నాకేం పట్టలేదు. పాప వింటోంది. తన ఒంట్లో పీడ ఉందనుకుంటూ పెరగాలా అది? లోపలికి పో."

తోడికోడలు ఏడుస్తూ లోపలికి పోయింది. అత్తగారు అప్పుడు నోరు విప్పింది. "నీ సాయం నేనడగలేదు."

"నేనూ మీకు చెయ్యలేదు."

మరి కాసేపటికి అత్తగారు, తల ఎత్తకుండానే, "ఆ డాక్టరు దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళు" అంది.

డాక్టరమ్మ గదిలో ఈసారి ఇద్దరే. సూది గుచ్చుతుంటే అత్తగారు గోడ వైపు తిరిగి చెప్పింది, ఎవరూ అడక్కుండానే. తనకు ఇద్దరన్నలు. ఒకే వానాకాలంలో జ్వరం వచ్చి పోయారు. అదే జ్వరం తనకూ, తన చెల్లికీ వచ్చింది, మామూలుగా తగ్గిపోయింది. మగపిల్లలిద్దరే పోవడమేమిటని ఇంట్లో పెద్దవాళ్ళు తల బాదుకున్నారు. అప్పుడు ఇంట్లో పిన్ని ఉండేది, బాబాయి భార్య. ఆస్పత్రి దుప్పట్లుతికే చోట పని. జ్వరం ఆవిడే మోసుకొచ్చిందన్నారు. సామానుతో సహా వీధిలోకి గెంటారు.

"నేను పదేళ్ళదాన్ని. అందరూ రాళ్ళేస్తుంటే నేనూ వేశాను" అంది. "ఇదే రక్తమా డాక్టరూ, అది కూడా?"

"కావచ్చమ్మా. కాకపోనూ వచ్చు. ఆ కాలంలో జ్వరాలు చాలా ఉండేవి. ఇప్పుడు చెప్పలేం."

అత్తగారు తల ఊపింది.

బస్సులో ఇద్దరూ ఒకే సీటులో కూర్చోవాల్సి వచ్చింది, వేరే ఖాళీ లేదు. కండక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. లోపల మాత్రం ఉడుకుతోంది. ఈవిడకు తెలుసు. ఒకసారి కళ్ళతో చూసిన మనిషి. చూసి కూడా తన మీద అదే రాయి విసిరింది.

"మీ పిన్ని ఏమైంది?" అని అడిగింది చివరికి.

"తెలీదు. ఎవరు కనుక్కున్నారు."

"నన్ను గెంటకుండా మెట్లతో సరిపెట్టారన్నమాట. గొప్పే."

"నీ నోటికి భయపడి" అంది అత్తగారు.

క్షమించమని ఆవిడ అడగలేదు, ఈవిడ క్షమించలేదు. ఇల్లు చేరాక ఎవరి అంతస్తు వాళ్ళదే. తోడికోడలు తర్వాత వేరే ఇల్లు చూసుకుని పాపతో వెళ్ళిపోయింది. అత్తగారి రక్తంలో డాక్టరమ్మ అనుకున్నదే ఉందని తేలింది. దాన్ని గురించి ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు.

మేనల్లుడు మాత్రం సెలవురోజుల్లో అమ్మమ్మను చూడ్డానికి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా కండక్టరమ్మతో పెరట్లో నిలబడి రెండు మాటలు మాట్లాడతాడు. ఒక ఆదివారం వాడితో పాటు ఆడపడుచు కూడా వచ్చింది. వాడు ఇనుప మెట్ల మీద కాలు పెట్టగానే పై కిటికీలోంచి కండక్టరమ్మ కేక వినబడింది.

"అక్కడే ఆగు. పైకి రావద్దు. నిన్నటి నుంచి ముక్కు కారుతోంది నాకు."

వాడు ఆగాడు. ఆడపడుచు పెరటి మధ్యలో నిలబడి తల ఎత్తి చూసింది. చాలా కాలం తర్వాత ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"ముక్కు కారుతుంటే కిటికీలోంచి పిల్లాడి మీదికి వంగుతావేం" అంది. "తలుపేసుకుని లోపల పడుండు."

"పడుంటాలే. నీ కొడుకును మాస్కు పెట్టుకోమను, అలా పళ్ళికిలించుకుని నిలబడకుండా."

ఆడపడుచు కొడుకు రెక్క పట్టుకుని కింది గదిలోకి లాక్కుపోయింది. కండక్టరమ్మ ముక్కు తుడుచుకుని, కిటికీ మూసి, మాత్ర కోసం అరలో వెతకసాగింది.